అడగడం నేర్పిన క్లబ్బు

మాది కోనసీమలో గోదావరి వైనతేయ పాయకి దగ్గర్లో ఉన్న చిన్న ఊరు. బస్టాండు సందులో నాకు మందుల షాపు ఉంది. బి.ఫార్మసీ చదివి, పెళ్ళయ్యాక మామగారి షాపులోనే కూర్చున్నాను. ఆయన పోయాక షాపు నా చేతికొచ్చింది. మందుల షాపులో కూర్చునేవాళ్ళకి ఒక అలవాటు ముదిరిపోతుంది. అందరూ మన దగ్గరికొచ్చి అడుగుతారు, మనం ఎవరినీ ఏమీ అడగం. "కొబ్బరి దింపులయ్యాక ఇస్తానమ్మా", "దాళ్వా మాసూళ్ళయ్యాక సర్దేస్తాను" అన్నవాళ్ళ బాకీ అడగాలన్నా నాకు గొంతు పెగిలేది కాదు. అలాంటిదాన్ని లయన్స్ క్లబ్బులో చేరి, చందాల పుస్తకం చంకలో పెట్టుకుని రైసుమిల్లు గుమ్మాలెక్కాను.

చేరడానికి అసలు కారణం సేవ కాదు. మా క్లబ్బు సెక్రటరీ రిటైరైన లెక్కల మాస్టారు. నెలనెలా షుగరు బిళ్ళలకి మా షాపుకే వస్తారు. "అమ్మాయ్, కళ్ళ క్యాంపుకి షుగరు చూసే మనిషి లేక ప్రతిసారీ ఇబ్బంది పడుతున్నాం, నువ్వు మా క్లబ్బులో చేరకూడదూ?" అని అడుగుతూ ఉండేవారు. నా దృష్టిలో క్లబ్బంటే సాయంత్రం పూట మగాళ్ళు చేరి కోడిపలావు తినే చోటు. మా వారు మాత్రం "పదిమందితో పరిచయం పెరిగితే షాపుకి మంచిదే కదా, చేరు" అన్నారు. ఆ మాట నచ్చే చేరాను. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని నా అభిప్రాయం. అసలు లయన్స్ మొదలుపెట్టిన మెల్విన్ జోన్స్ షికాగోలో ఇన్సూరెన్సు వ్యాపారి. వ్యాపారులు ఒకరికొకరు పనికొచ్చేందుకు పెట్టుకున్న సంఘాలని ఊరికి కూడా పనికొచ్చేలా మళ్ళిద్దామని 1917లో ఆయన అందరినీ ఒకచోట చేర్చాడు. రోటరీ అంతకు పన్నెండేళ్ళ ముందు, 1905లో, అదే ఊళ్ళో పుట్టింది. మా ఊళ్ళో రోటరీ లేదు కాబట్టి ఏది మంచిదన్న ప్రశ్న నాకు రాలేదు.

ఈ క్లబ్బుల్లో మనంతట మనం వెళ్ళి చేరిపోవడం ఉండదు. పాత సభ్యుడొకరు మన పేరు ప్రతిపాదించాలి, బోర్డు సరేననాలి. ఆ తర్వాతే ఫారం, ప్రవేశ రుసుము. ముందు కొన్ని సమావేశాలకి అతిథిగా రమ్మన్నారు. అక్కడ ఒక పెద్దాయన "మీ ఆయన్ని చేర్పిస్తే నువ్వు ఆయనతోపాటు రావచ్చు కదమ్మా" అన్నారు. మాస్టారు నవ్వుతూనే "1987 నుంచీ ఆడవాళ్ళకి సొంతంగా సభ్యత్వం ఉందండి, మనమే కాస్త ఆలస్యంగా చదువుకున్నాం" అన్నారు. ఆ పెద్దాయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఇప్పుడు నేను ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తేది ఆయనే.

ప్రమాణ స్వీకారం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీ, శాలువాలు. పై జిల్లా నుంచి వచ్చిన లయన్స్ మాజీ గవర్నరు గారు ప్రతిజ్ఞ చదివించి కోటు పిన్ను పెట్టారు. చీరకి కోటు పిన్ను ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియక మా మాస్టారి భార్య చేతికిచ్చారు. ఆ రోజు నుంచి కాగితాల మీద నా పేరు ముందు 'లయన్' చేరింది. మా పిల్లలు వారం పాటు ఇంట్లో గాండ్రిస్తూ తిరిగారు.

సమావేశాలు నెలకి రెండు. గంట కొట్టి మొదలుపెడతారు, జెండా వందనం, సెక్రటరీ నివేదిక, ఖర్చుల లెక్క, చివర జాతీయ గీతం. మధ్యలో టెయిల్ ట్విస్టర్ అని ఒకాయన లేస్తారు. పిన్ను పెట్టుకోని వాళ్ళకి, ఫోన్ మోగినవాళ్ళకి, పేపర్లో ఫొటో పడినవాళ్ళకి జరిమానా వేసి అక్కడికక్కడే వసూలు చేయడం ఆయన పని. ఒకే సమావేశంలో ఒక మనిషికి రెండుసార్లకి మించి జరిమానా పడకూడదు. టెయిల్ ట్విస్టర్‌కే వేయాలంటే మాత్రం హాజరైనవాళ్ళంతా ఒకే మాట మీద ఉండాలి. ఇవన్నీ లయన్స్ నియమావళిలో రాసి ఉన్న మాటలే, మా ఊరివాళ్ళు కల్పించినవి కావు. మొదట్లో చిన్నపిల్లల ఆటలా అనిపించింది. రెండెకరాల రైతు, ఇరవై చెరువుల రొయ్యల వ్యాపారి ఒకే బెంచీ మీద కూర్చుని చెరో పది రూపాయలూ తీసి డబ్బాలో వేస్తుంటే, ఇది ఊరికే పెట్టిన తంతు కాదని మెల్లగా అర్థమైంది. మా ఊళ్ళో ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చునే చోటు ఇంకోటి లేదు.

డబ్బు సంగతి ఇంకోటి చెప్పాలి, బయటవాళ్ళకి దీని మీదే ఎక్కువ అనుమానం. క్లబ్బుకి రెండు ఖాతాలుంటాయి. మేం కట్టే చందాలు, జరిమానాలు పరిపాలన ఖాతాలోకి వెళ్తాయి. అందులోంచే హాలు అద్దె, టీ, కాగితాలు, పైవాళ్ళకి కట్టాల్సిన వంతు. జనం దగ్గర సేవ పేరు చెప్పి వసూలు చేసిన రూపాయి రెండో ఖాతాలో పడుతుంది, అది మళ్ళీ జనానికే పోవాలి. దాంట్లోంచి మా టీ నీళ్ళక్కూడా తీయకూడదు. ఎవరైనా మిమ్మల్ని చందా అడిగితే "రెండో ఖాతా లెక్క చూపించండి" అనండి. చూపించలేని క్లబ్బుకి ఇవ్వకండి.

ఇక అడగడం. మొదటి కళ్ళ క్యాంపుకి నన్నూ ట్రెజరర్‌నీ చందాలకి పంపారు. రైసుమిల్లు యజమాని మర్యాదగానే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఈ ఏడు ధాన్యం తడిసిందని, లారీలు దొరకడం లేదని ఒక అరగంట చెప్పారు. మేం లేచి వచ్చేస్తుంటే ట్రెజరర్ గుమ్మంలో ఆగి, "పోనీ ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలకి బియ్యం మీవేనండి" అన్నారు. "దానికేముందండి, బస్తాలు పంపిస్తాను" అన్నాడాయన వెంటనే. దారిలో ట్రెజరర్ నాకు చెప్పింది ఇదీ: "డబ్బడిగితే ఆయనకి లెక్కలు గుర్తొస్తాయి. మిల్లులో ఉన్న బియ్యం అడిగితే ఆయన చెయ్యి పెద్దదని గుర్తొస్తుంది." అప్పట్నుంచీ నేను డబ్బు అడగడం తగ్గించేశాను. కొబ్బరి వ్యాపారిని బొండాలు అడుగుతాను, టెంట్ హౌసాయన్ని కుర్చీలు, స్కూలు వ్యానాయన్ని ఆదివారం ఖాళీగా ఉన్న వ్యాను. ఎవరింట్లో ఏముందో, ఎవరు ఏది సులువుగా ఇస్తారో అన్నదే క్లబ్బులో నేను సంపాదించిన అసలు ఆస్తి.

కళ్ళ క్యాంపు మా క్లబ్బుకి ఏడాదిలో పెద్ద పండగ. లయన్స్ క్లబ్బులన్నీ ఎందుకింతగా కళ్ళ మీద పడతాయని మాస్టారిని అడిగితే హెలెన్ కెల్లర్ కథ చెప్పారు. 1925లో అమెరికాలో లయన్స్ మహాసభకి ఆవిడ వచ్చి, చూపులేనివాళ్ళ తరఫున నిలబడమని కోరిందట. ఆ మాట పట్టుకునే ఇప్పటికీ నడుస్తున్నారు.

క్యాంపు ఆదివారం పెడతాం, హైస్కూల్లో. ముందు రెండు రోజులు ఆటోకి మైకు కట్టి ఊళ్ళన్నీ తిప్పుతాం, గుళ్ళోనూ చర్చిలోనూ చెప్పిస్తాం. ఒక ధర్మాసుపత్రి నుంచి డాక్టరు, పరీక్షలు చేసే పిల్లలు, బస్సు వస్తాయి. పేర్లు రాయడం, చదువు రానివాళ్ళకి ఇంగ్లీషు 'E' అక్షరాన్ని అటూ ఇటూ తిప్పి రాసిన బోర్డు చూపించడం, బీపీ, షుగరు, ఆ తర్వాత డాక్టరు చూపు. శుక్లం ఉందన్నవాళ్ళని ఆ సాయంత్రమే బస్సులో తీసుకెళ్తారు. ఆపరేషను స్కూల్లో చేయరు, ఆసుపత్రిలోనే. అద్దం వేసి, ఒకట్రెండు రోజుల్లో నల్ల కళ్ళజోడుతో తెచ్చి దింపుతారు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, మొదటి క్యాంపులో నన్ను పట్టి కుదిపింది షుగరు బల్ల. లంకల నుంచి పొద్దున్నే పడవెక్కి, ఏటిగట్టు ఎక్కి దిగి, ఒక జత బట్టలు సంచిలో సర్దుకుని వచ్చిన ముసలమ్మలు. నా బల్ల దగ్గరికొచ్చేసరికి షుగరు ఆకాశంలో ఉండేది. అదుపులో లేనిదే ఆపరేషను చేయరు, చేయకూడదు కూడా. "మళ్ళీ క్యాంపుకి రండి" అని వెనక్కి పంపడమే. మళ్ళీ క్యాంపు అంటే ఏడాది. మొదట నేను పంతం పట్టి మార్పించిన పద్ధతి ఇదే. ఇప్పుడు క్యాంపుకి నెలన్నర ముందే ఆశా కార్యకర్తలతో కలిసి లంకల్లో శుక్లం అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు రాసుకుంటాం, షుగరు చూస్తాం, ఎక్కువున్నవాళ్ళని పీహెచ్‌సీ డాక్టరు గారికి చూపించి మందు సరిచేయిస్తాం. వెనక్కి వెళ్ళేవాళ్ళు బాగా తగ్గారు. ఈ పనికి ఫొటో ఉండదు, శాలువా ఉండదు. అందుకే మొదట్లో ఎవరికీ ఎక్కలేదు.

ఇంకో తంటా ఏమిటంటే, "ఇంకా ముదరలేదమ్మా, ముదిరాక చేయించుకుంటాను" అనేవాళ్ళు. పాత రోజుల్లో శుక్లం ముదిరేదాకా ఆగమనేవారు, నిజమే. ఇప్పటి పద్ధతిలో ఆ అవసరం లేదు, బాగా ముదిరి గట్టిపడితే డాక్టరుకే కష్టం. ఇది నేను చెబితే నమ్మరు. చేయించుకొచ్చిన పక్కింటావిడ చెబితే నమ్ముతారు. అందుకని ఇప్పుడు పాత క్యాంపువాళ్ళనే లంకల్లోకి వెంటబెట్టుకెళ్తాం. ఒక మామ్మగారైతే ఊరంతా ఒకటే చెప్పింది: "ఇన్నాళ్ళూ కొట్టోడు రెండ్రూపాయల బిళ్ళకి బదులు రూపాయి బిళ్ళ చేతిలో పెట్టేస్తున్నాడు, కన్నొచ్చాక పట్టేశాను." ఆ ఏడు ఆ లంక నుంచే ఎక్కువమంది వచ్చారు.

మర్నాడు పేపర్లో "ఇన్ని వందలమందికి ఉచిత కంటి పరీక్షలు" అని పడుతుంది. నాకు ఆ అంకె మీద గౌరవం లేదు. చుక్కల మందు చివరిదాకా వేసుకున్నవాళ్ళెందరు, నెల తర్వాత చూపించుకోడానికి వచ్చినవాళ్ళెందరు, అదీ లెక్క. చుక్కలు మొదట్లో రోజుకి చాలాసార్లు వేసి వారం వారం తగ్గించుకుంటూ పోవాలి. చూపు తేటపడగానే సగంలో మానేస్తారు. నేను షాపు మూసే ముందు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "చుక్కలేశారా?" అని అడుగుతాను. ఇది కూడా అడగడమే కదా.

2022 జూలై గురించి చెప్పకపోతే ఈ అనుభవానికి అర్థం లేదు. మా వైపు పెద్ద వరదంటే మామూలుగా ఆగస్టులో చూస్తాం. ఆ ఏడు ఆషాఢంలోనే వచ్చింది. మా దగ్గర పిల్లలక్కూడా భద్రాచలం అంకె చూసి లెక్క కట్టడం తెలుసు. ఆ అంకె 71.3 అడుగులకి చేరింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులొచ్చాక భద్రాచలం చూసిన పెద్ద మట్టం అదే. ధవళేశ్వరంలో 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. అదీ దాటి, ఇరవై అయిదు లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళు కిందికి వదిలారు. చాకలిపాలెం దగ్గర కాజ్‌వే మునిగిందంటే కనకాయలంకకి పడవే గతి. బూరుగులంక, ఊడిమూడిలంక వైపూ అంతే. మామూలు వరదకే అలా ఉంటే ఆ వరదకి చెప్పేదేముంది.

మొదటి రోజున జనం ఎగబడి సాయం తెచ్చారు. గట్టు మీద పులిహోర పొట్లాలు గుట్టలు పడ్డాయి. పాత బట్టల మూటలూ వచ్చాయి. దయచేసి వరదకి పాత బట్టలు పంపకండి, తడిసి కంపు కొట్టి చివరికి గట్టు కిందే పడి ఉంటాయి. క్లబ్బులో రాత్రి అత్యవసర సమావేశం పెట్టి, మనమూ పులిహోరే చేద్దామన్నారు కొందరు. మాస్టారు నా వైపు తిరిగి, "అన్నం అందరూ పట్టుకెళ్తున్నారు. నీ షాపుకి లంకలవాళ్ళు దేనికొస్తారో నీకు తెలుసు కదమ్మా, అది చెప్పు" అన్నారు.

నాకు తెలుసు. ఎవరు బీపీ బిళ్ళ వాడతారో, ఎవరికి ఫిట్స్ మందు ఒక్కరోజు కూడా ఆగకూడదో, ఎవరు ఇన్సులిన్ వేసుకుంటారో నా బిల్లు పుస్తకంలోనే ఉంది. ఆ రాత్రి కూర్చుని లంకల వారీగా జాబితా రాశాను. పీహెచ్‌సీ డాక్టరు గారు దాన్ని చూసి, సరిచేసి, తానూ పడవలో వస్తానన్నారు. మందులకి హోల్‌సేలు వాళ్ళని అడిగాను. ఇన్సులిన్‌కి చల్లదనం కావాలి, లంకల్లో కరెంటు లేదు. రొయ్యల వ్యాపారిని ఐసు, థర్మాకోలు పెట్టెలు అడిగాను. ఐసు తగిలి గడ్డకడితే ఇన్సులిన్ పాడవుతుంది కాబట్టి తువ్వాలులో చుట్టి పెట్టాం. పడవ నడిపేవాళ్ళని అడిగాను. మూడు సార్లు పడవెళ్ళేసరికి జనమే అడగడం మొదలెట్టారు: దోమల చుట్టలు, కొవ్వొత్తులు, ఆడపిల్లలకి ప్యాడ్లు, నీళ్ళలో నాని ఒరుసుకుపోయిన కాలివేళ్ళకి ఆయింట్‌మెంటు. చాలామంది ఇళ్ళు వదిలి రానిది పశువుల కోసమే. "మాకేం వద్దండి, గేదెలకి గడ్డి తెండి" అని ఒకాయన మెడలోతు నీళ్ళలో నిలబడి అరిచాడు. రైసుమిల్లు యజమాని లారీ ఇచ్చాడు, మెరక ఊళ్ళ రైతులు వరిగడ్డి ఇచ్చారు. ఆ లారీకి డ్రైవరు లేకపోతే, నన్ను మొదటి రోజు చిన్నబుచ్చిన ఆ పెద్దాయన లుంగీ ఎగ్గట్టి తనే ఎక్కి నడిపారు.

ఆ వారం నేనడిగితే కాదన్నవాళ్ళు దాదాపు లేరు. కొత్తగా పరిచయం చేసుకుని అడగాల్సి వస్తే ఒక్క రోజులో అయ్యే పని కాదది. ఏళ్ళ తరబడి పది రూపాయల జరిమానాలు కట్టుకుంటూ, టీలు తాగుతూ, ఒకరి మాట ఒకరు విసుక్కుంటూ కూర్చున్నాం కాబట్టి అయింది.

నాకేం ఒరిగింది అని అడిగేవాళ్ళు చాలామంది. షాపు వ్యాపారం కొంత పెరిగింది, అబద్ధమెందుకు. మైకు ముందు వణుకు పోయింది. మా వారికి కాకినాడలో గుండె ఆపరేషను అయినప్పుడు రక్తం కావాల్సి వచ్చింది. నేను చేసింది మాస్టారికి ఒక్క ఫోను. సాయంత్రానికి కాకినాడ క్లబ్బు నుంచి ముక్కూ ముఖం తెలియని ముగ్గురు వచ్చి రక్తమిచ్చి, నాకు ఇడ్లీ పొట్లం కట్టించి వెళ్ళారు. అందులో ఒకతను మా అబ్బాయి వయసువాడు. ఇప్పటికీ సంక్రాంతికి మెసేజీ పెడతాడు. ఇక బాకీ అడగడానికి గొంతు పెగలని నేను ఇప్పుడు షాపు బాకీలు కూడా శుభ్రంగా అడుగుతున్నాను. ఇది క్లబ్బు ఆశయాల్లో లేదనుకోండి.

నచ్చనివీ ఉన్నాయి. సేవా క్లబ్బు ఏదైనా సరే, ఒక రోగి మంచం చుట్టూ ఎనిమిదిమంది నిలబడి ఒక బత్తాయిపండు అందిస్తున్న ఫొటో నేను చూడలేను. పైనుంచి పెద్దలొచ్చినప్పుడు పూలదండలకీ జ్ఞాపికలకీ పెట్టే ఖర్చు మీద నేను ప్రతి ఏడూ గొడవ పడతాను, ప్రతి ఏడూ కొద్దిగా తగ్గిస్తారు. జూలై ఒకటిన కొత్త ప్రెసిడెంటు వస్తారు. పాతవాళ్ళు మొదలుపెట్టిన పని కొత్తవాళ్ళకి తమ పేరు లేని పనిలా కనిపిస్తుంది. మా ఊళ్ళో అలాగే ఒక మంచినీళ్ళ ప్లాంటు ఫిల్టర్లు మార్చేవాళ్ళు లేక మూలపడింది. కొత్తది ప్రారంభించడానికి రిబ్బను కత్తిరించేవాళ్ళు ఎప్పుడూ దొరుకుతారు. చేరాలనుకునేవాళ్ళు ప్రమాణ స్వీకారం చూసి కాదు, ఒక క్యాంపుకొచ్చి సాయంత్రం కుర్చీలు మడిచేటప్పుడు ఎంతమంది మిగిలారో చూసి చేరండి.

ఈ ఏడు ట్రెజరర్ నేనే. కళ్ళ క్యాంపు తేదీ మీద ఇప్పుడు రెండు జట్లయ్యాయి. సంక్రాంతికి పిల్లలు హైదరాబాదు నుంచి వస్తారు, ముసలాళ్ళకి ఆసుపత్రిలో తోడుంటారు, పండగ వెళ్ళిన మర్నాడే పెడదామని నేనంటాను. కోడిపందేల అలసట తీరకుండా కుర్చీలెవరు మోస్తారని టెయిల్ ట్విస్టర్ అంటారు. ఇంకా తేలలేదు. ఆయనకి జరిమానా వేద్దామంటే అందరూ ఒప్పుకోవాలి, ఆ రొయ్యల వ్యాపారి చెయ్యెత్తడం లేదు.